శనివారం పడిన రాక్షసుడు

మా అవ్వ పోయింది. గురువారం పొద్దున హైదరాబాద్ దవాఖాన నుంచి నాయిన ఫోన్ చేసి, తన తల్లి గురించి ఆ ఒక్క మాటే చెప్పగలిగాడు. ఇంటికొచ్చినవాళ్లంతా ఆమె మేపిన గొర్రెల గురించి, ఆమె చేతి పచ్చిపులుసు గురించి చెప్పుకుంటున్నారు. నేను చెప్పేది వేరే. జడ్చర్ల మొత్తంలో కత్తియుద్ధాన్ని మా అవ్వంత హుషారుగా చూసిన మనిషి ఇంకొకరు ఉండరు! ఏడుస్తూనే ఉన్నాను, అది తలచుకుంటే మాత్రం నవ్వు ఆగడం లేదు.

నాకు వీడియోగేముల పిచ్చి. అందులోనూ ఒకటే గేమ్. ముసుగేసుకున్న ఆడమనిషి, రెండు చేతుల్లో రెండు కత్తులు, ఎదురుగా రాక్షసుల గుంపు. తలలు ఎగురుతాయి, గోడల మీద నెత్తురు చిమ్ముతుంది. కానీ ఊరికే నరికితే లాభం లేదు, అందంగా నరకాలి. గాల్లోకి లేచి, గిర్రున తిరిగి, వేసిన దెబ్బ మళ్లీ వేయకుండా కొడితేనే తెర మీద మార్కులు పెరుగుతాయి. అమ్మ మొహం తిప్పుకునేది. అవ్వ పీట లాక్కుని టీవీ ముందు కూర్చునేది.

"గదే దెబ్బ మల్ల కొడ్తవేందే? ఎగురు! జర సోకుగ కొట్టు!"

నేను ఓడిపోతే నన్నేమీ అనేది కాదు, రాక్షసుణ్ని తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. రెండు భాగాలు అలాగే గెలిచాం. మూడో భాగంలో చివరివాడు మాత్రం మమ్మల్ని నెలల తరబడి ఏడిపించాడు. ఈలోగా అవ్వ గుండెకు ఆపరేషన్ అన్నారు. ఆదివారం పొద్దున్నే ప్రయాణం.

"వాడు పడంగ చూసే పోత. లేకుంటే దవాఖానల గదే ఫికర్ నాకు," అంది.

ముందురోజు మధ్యాహ్నం కూర్చున్నాం. ఏం ఆడానో నాకే తెలియదు! అవ్వ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇంకొక్క దెబ్బ, అంతే.

"ఆగే! ఇయ్యాల శనివారం!"

శనివారం కురుమూర్తి స్వామికి మా ఇంట్లో ఒక్కపొద్దు. ఆ రోజు నెత్తురు కళ్లజూడకూడదని అవ్వ గేమ్ కూడా ముట్టనిచ్చేది కాదు. ప్రయాణం హడావిడిలో ఇద్దరం మరిచిపోయాం. ఆపి పెడదామంటే రేపు ఆమె ఉండదు. వాడేమో మెల్లగా లేస్తున్నాడు.

"అవ్వా, కొట్టాల్నా వద్దా? జల్ది చెప్పు!"

ఆమె స్వామి పటం వైపు చూసింది. టీవీ వైపు చూసింది.

"నువ్వు కొట్టు బిడ్డా. నేనైతే సూడ," అని రెండు అరచేతులతో కళ్లు మూసుకుంది.

కొట్టాను. వాడి తల ఎగిరి అవతల పడింది. గంతులేస్తూ వెనక్కి తిరిగాను. అవ్వ చేతులు కళ్ల మీదే ఉన్నాయి. వేళ్లు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి, ఆ సందుల్లోంచి రెండు కళ్లు టీవీని మింగేసేలా చూస్తున్నాయి.