చేతి మీది కొలత

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా, సెల్‌ఫోన్ల దుకాణం పైనున్న చిన్న గదిలో అడుగు పెట్టగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. నాకంటే ముందు వచ్చిన ఒకతని భుజం మీద పచ్చబొట్టు వేస్తున్నారు. ఆ సూది మిషను రొదకు నా పళ్ళు జివ్వుమన్నాయి. నా వంతు వచ్చాక ఎడమ చేయి చాపాను. మణికట్టుకూ మోచేతికీ మధ్య బాల్ పెన్నుతో నేనే పెట్టుకున్న మూడు చుక్కలను పచ్చబొట్లు వేసే అతను వంగి చూశాడు. "ఇదేంది మేడం, చుక్కలేనా? బొమ్మ ఏమీ వద్దా? పోనీ ఎవురి పేరన్నా?" అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. "అట్టయితే మోచేతి పైన ఏస్తా. జాకెట్టు చేతుల కింద కనపడకుండా ఉంటాయి" అన్నాడు పాపం, నా మేలు కోరే. కనపడటానికే వేయించుకుంటున్నానని చెప్పాను. అతను సూది చేతిలోకి తీసుకోగానే, ఇలాంటి మూడు చుక్కలున్న ఒక ముసలి చేయి నా కళ్ళ ముందుకు వచ్చింది.

ఆ చేయి పెంచలమ్మవ్వది. ఉదయగిరి కొండ కింద చెక్క గరిటెలు చేసేది. పంతొమ్మిదేళ్ళకు నేను మర్రిపాడు నుంచి ఉదయగిరికి కోడలిగా వచ్చాను. మా ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. ఇంట్లో గోడలను చూస్తూ కూర్చోవడం నా ఒంటికి పడలేదు. పక్కవీధిలో రేకుల షెడ్డు కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు బాడిశలతో టకటకా చెక్కుతుంటే పోయి నిలబడ్డాను. మోతుబరి ఇంటి పిల్ల కర్ర చెక్కడమేమిటని మా పుట్టింట్లో నవ్వారు, మెట్టినింట్లో మూతి ముడిచారు. అవ్వ మాత్రం నా అరచేతులు తిప్పి చూసి, "మెత్తగుండాయి. పది దినాలు పోతే సరిపోతాయిలే, కూర్చో" అంది. పదో రోజుకు నా చేతులు బొబ్బలెక్కాయి. ఇరవయ్యో రోజుకు నా మొదటి గరిటె తయారైంది. దాన్ని చూసి అవ్వ ఎంతసేపు నవ్విందో చెబితే ఇప్పటికీ నాకు రోషం వస్తుంది.

మిగతావాళ్ళందరూ గాట్లు పెట్టిన పుల్లతో కొలత చూసుకునేవారు. అవ్వకు పుల్ల లేదు. చెక్కుతున్న కర్రను ఎడమ చేతి లోపలివైపు ఆనించేది. మణికట్టు గీత దగ్గర మొన పెడితే మొదటి చుక్క దాకా గరిటె బుర్ర, రెండో చుక్క దాకా మెడ, మూడో చుక్క దగ్గర కాడ చివర. చూపు కూడా తిప్పకుండా, నాతో మాట్లాడుతూనే కొలిచేది. ఒకనాడు ఆ చుక్కల సంగతి అడిగాను. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఇచ్చిన కొలతపుల్లను మూడుసార్లు పోగొట్టి మూడుసార్లూ దెబ్బలు తినిందట. నాలుగోసారి పుల్ల చేతికి రాగానే, ఊళ్ళోకి పచ్చబొట్లు పొడిచే ఆమె వస్తే, అందరూ తేలూ పువ్వూ అడుగుతుంటే, పదకొండేళ్ళ ఈ పిల్ల పుల్లను చేతికి ఆనించి గాట్ల దగ్గర చుక్కలు పొడవమని మొండికేసిందట. "ఇంక పోగొట్టు చూద్దాం అన్నట్టు మా నాయన ముందర చేయి చాపినా" అని చెప్పింది.

తెలివైన పనే. కానీ పదకొండేళ్ళ పిల్ల చేయి అక్కడే ఆగుతుందా? చేయి సాగింది, చేయితో పాటు చుక్కలూ దూరం జరిగాయి. రోజూ చూసే చేయి కాబట్టి ఆమెకు తెలియలేదు. పదిహేడేళ్ళప్పుడు ఒకరోజు వాళ్ళ నాయన తన గరిటెను ఆమె గరిటె పక్కన పెట్టి చూస్తే, కూతురిది రెండు వేళ్ళు పొడుగు! ఆ చుక్కలను వదిలేసి మళ్ళీ పుల్ల పట్టమన్నాడు ఆయన. ఆమె పట్టలేదు. "పొడిపించుకునేటప్పుడు ఎవుర్నీ అడగలా. తప్పని తేలినాక చేతిని దాచిపెట్టుకుని తిరిగేదేంది? ఆ పొడుక్కు తగినట్టు చేస్తే పోలా" అనుకుందట. కాడ సాగితే మెడ విరుగుతుంది. మెడ మందం చేస్తే బరువు కాడ వైపు పోయి బుర్ర తేలిపోతుంది. అన్నీ సరిచూసుకుని, విరక్కుండా చేతిలో తూకంగా నిలబడే గరిటె చేయడానికి ఏడాది పట్టింది. లోతు గిన్నెలో కలిపేటప్పుడు చేతికి ఆవిరి తగలని గరిటె అది.

నేను చేరిన కొత్తలో సరుకు కొనే ఆయన ఒకరు నెల్లూరు నుంచి వచ్చి, "ఏంది పెంచలమ్మా, అందరివీ ఒక మాదిరుంటే నీ గరిటెలే ఇంత పొడుగుండాయి? అట్టపెట్టెలో పట్టవు గదా" అని విసుక్కున్నాడు. అవ్వ తల ఎత్తలేదు. "నా చేయి పెరిగింది సామీ. నువ్వు పెట్టెను పెంచు" అంది. షెడ్డంతా నవ్వింది. ఆయన గొణుక్కుంటూనే మళ్ళీ వచ్చేటప్పుడు పెద్ద పెట్టెలు తెచ్చాడు.

రెండేళ్ళు పని నేర్చుకున్నాక నాకూ అలాంటి చుక్కలు కావాలనిపించింది. తిరునాళ్ళలో బ్యాటరీ మిషనుతో పచ్చబొట్లు వేసే అతను కనబడితే అవ్వ దగ్గరకు పరుగెత్తి, ఆమె కొలతలు నా చేతి మీదికి దించుకుంటానన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. చీవాట్లు పెట్టింది. "నా చేయి కొలత నీకెందుకు పాపా? నీ గరిటె యాడ నిలబడతాదో నీకు తెలిసినాక ఏయించుకో. నేను తొందరపడి ఏయించుకుని దాని ఎనకాల పరిగెత్తినా. నీకేం ఖర్మ?" అంది. నేను ఆ రోజంతా అలిగి ఆమెకు దూరంగా కూర్చుని చెక్కాను.

ఇక చెప్పడానికి ఇష్టం లేని సంగతి ఒకటుంది. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు నెల్లూరులో చేతిపనుల ప్రదర్శనకు మా ఇద్దర్నీ పిలిచారు. అధికారులు వస్తారు, ఫోటోలు తీస్తారు, మా అన్న కూడా తన స్నేహితులతో వస్తానన్నాడు. చెరువు కింద గుడిసెల్లోని ముసలామె, చేతి మీద పచ్చబొట్టు చుక్కలు, ఆమె పక్కన నేను. ఇలాగే అనుకున్నాను, దాచేదేముంది? పొడుగు చేతుల జాకెట్టు ఒకటి కుట్టించి తీసుకుపోయి, "ఇది ఏసుకో అవ్వా. అంతమందిలో చేయి అట్టా కనపడితే బాగుండదు" అన్నాను. "ఏం బాగుండదు?" అని అడిగింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, జాకెట్టు మడత విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మళ్ళీ అడగలేదు, వేసుకుంది.

జనం చుట్టూ నిలబడి చూస్తుండగా గరిటె చెక్కమన్నారు. అవ్వ అలవాటు కొద్దీ కర్రను చేతికి ఆనించింది. గుడ్డ అడ్డం. పైకి లాగబోతే బిగుతు చేతులు, కదల్లేదు. ఒకసారి నా వైపు చూసి, కంటి అంచనాతో చెక్కేసింది. బుర్ర పెద్దదై కాడ పొట్టిదైంది. చూసేవాళ్ళకు అవేం తెలుస్తాయి, చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు. తిరుగు బస్సులో ఆత్మకూరు దాటాక ఆ గరిటెను నా ఒళ్ళో పెట్టి, "ఇది నీ కొలత పాపా, నీ దగ్గరే ఉండనీ" అంది. కోపంగా అనలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే, "ఏం పాపా, ఇంకా రాలేదేంది?" అని వీధిలోంచి కేకేసింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమెను క్షమించమని అడగడానికి నాకు బోలెడు ఏళ్ళు దొరికాయి. అయినా అడగలేదు. రెండేళ్ళ కిందట వానల్లో నాలుగు రోజులు జ్వరపడి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అదే షెడ్డులో కొత్తగా వచ్చేవాళ్ళకు నేను పని నేర్పుతున్నాను. నా గరిటె ఎక్కడ నిలబడుతుందో తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. అవ్వ గరిటె కంటే వేలెడు పొట్టి, బజారు గరిటె కంటే వేలెడు పొడుగు. అది తేలిన రోజే పచ్చబొట్టు వేయించుకుంటానని ఇంట్లో చెప్పాను. కబురు ఆత్మకూరులో ఉన్న మా అన్నకు చేరింది. ఆ వచ్చే ఆదివారమే వాళ్ళమ్మాయి నిశ్చితార్థం.

"ఏంది సుజాతా, చేతి మీద పొడిపించుకుంటావంటనే?" అని ఫోన్ చేశాడు. "మనింట్లో ఎవురికన్నా ఉండాయా అయ్యి? కొత్త సంబంధం వాళ్ళు వస్తా ఉండారు. ఏం అనుకుంటారు?"

"నీ కొడుకు చేతి మీద అంత పెద్ద సింహం ఉండాది గదన్నా. మొన్న నువ్వే అందరికీ చూపించినావు."

"వాడిది ఫ్యాషన్. నువ్వు ఏయించుకునేది ఆ గుడిసెలోళ్ళు..." అని ఆగిపోయాడు. మిగతా మాట చెప్పనక్కర్లేదు, పదిహేనేళ్ళ కిందట జాకెట్టు కుట్టించినప్పుడు నా నోటిదాకా వచ్చి ఆగిన మాటే అది. గొంతు తగ్గించి, "ఫంక్షన్ అయిపోనీమ్మా. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాడు. ఆయన అడిగింది పెద్ద కోరికేం కాదు, నాలుగు రోజులు ఆగమన్నాడంతే. మా అన్నంటే నాకు ప్రాణం కూడా. కానీ పెళ్ళివారు వెళ్ళిపోయాక వేయించుకుంటే అది మళ్ళీ పొడుగు చేతుల జాకెట్టే. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఆత్మకూరు పోయి ఆ పచ్చబొట్ల గదిలో కూర్చున్నాను.

నొప్పి పెద్దగా లేదు. మూడు చుక్కలకు ఎంతసేపు పడుతుంది? కానీ రెండో చుక్క దగ్గర నాకు ఏడుపొచ్చింది. "నొప్పుండాదా మేడం, ఆపమంటారా?" అని అతను కంగారుపడ్డాడు. ఆపొద్దన్నాను.

ఆదివారం మామూలు జాకెట్టే వేసుకుని వెళ్ళాను. చుక్కల చుట్టూ ఇంకా ఎర్రగా ఉంది. పళ్ళెం అందిస్తుంటే పెళ్ళికొడుకు మేనత్త నా చేయి పట్టుకుని, "ఏందమ్మా ఇయ్యి, దిష్టి చుక్కలా?" అని అడిగింది. వదిన చీర సర్దుకుంటూ ఉండిపోయింది. మా అన్న గుమ్మం దగ్గర నిలబడి నావైపే చూస్తున్నాడు.

"కాదండీ, గరిటె కొలత. నాకు పని నేర్పింది మా పెంచలమ్మవ్వ. చెరువు కింద గుడిసెల్లో ఉండేది. ఆమె చేతి మీద ఇట్టాంటియ్యే ఉండేయి" అన్నాను. మా వాళ్ళందరి ముందు ఆమె పేరు పలకడం నాకు అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ పుట్టింట్లో అడిగినవాళ్ళకు 'ఎవరో ఒకామె దగ్గర నేర్చుకున్నాను' అంటూ వచ్చాను. ఆవిడ ఓహో అని పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆకాశమేమీ ఊడిపడలేదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు మాత్రం మా అన్న సాగనంపడానికి బయటకు రాలేదు.

మూడు వారాలైంది, ఆయన ఫోన్ చేయలేదు. బాధగానే ఉంది, అప్పుడప్పుడు ఫోన్ తీసి చూసుకుంటున్నాను కూడా. చుక్కలు మానిపోయి నల్లగా కుదురుకున్నాయి. షెడ్డులో, బస్సులో, బజారులో ఎవరో ఒకరు రోజూ అడుగుతూనే ఉంటారు. చేయి వెనక్కి తీసుకోను. ముందు అవ్వ పేరు చెబుతాను, ఆ తర్వాతే కొలత సంగతి.