నాలుగుసార్లచ్చిన పాదం

పొద్దటిసంది పరీక్ష పేపర్లు దిద్దుతున్న. కవితల లయ, ప్రాస, పునరుక్తి గురించి రాయమంటే అందరు గైడు జవాబే దించిండ్రు. కండ్లు గుంజుతున్నయి. ఏ నేతోళ్ళ పిల్లదో, ఒక పేపరుకు సాంచ నూనె మరక అంటింది. ఆ వాసనకు సిరిసిల్లల మా ఇల్లు యాదికచ్చింది.

బాపు బట్టనేసే సాంచ నడుపుతుంటే, నేను దాని చప్పుడుకు సరిగ్గ పాఠంలోని కవిత చదివేదాన్ని. అందుల "ఇంటికి పోదాం" అన్న పాదం నాలుగుసార్లస్తది. పోగు తెగితే బాపు సాంచ ఆపి, ముడేసి, మళ్ళ నడిపేటోడు. కవికి గూడ గట్లనే మాట తెగితే మళ్ళ మొదటికచ్చిండనుకున్న. బడిల గదే చెప్తే సారు నవ్విండు, పిల్లలంత నవ్విండ్రు.

ఇంటికచ్చి ఏడ్సుకుంట బాపుకు చెప్పిన. కూలి పోతదని బువ్వకు గూడ సాంచ ఆపనోడు, గప్పుడు పోగు తెగకుండనే ఆపిండు.

"గా పాదం చదువు బిడ్డా."

చదివిన.

"గా మనిషికి ఏదో తెగే ఉంటది. లేకుంటె గన్నిసార్లు ఎందుకంటడు?"

ఆ మరకంటిన పేపర్ల గూడ "పునరుక్తి వలన కవితకు అందం వచ్చింది" అని ఉంది. ఐదుకు ఐదు ఏసిన. బాపు చెప్పింది ఎవ్వరు రాయలే. రాసినా, దానికి మార్కెయ్యమని నాకిచ్చిన కీ పేపర్ల లేదు.