మామ్మగారు నా నెత్తిన పోసిన నీళ్ళు

నేను పసితనంలో ఒకసారి చచ్చి బతికాను. ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. తెనాలి హాస్టల్లో తోటి పిల్లలకి, పాడె మీద నుంచి లేచి కూచుని పాలు అడిగానని చెప్పాను. అప్పటికి నాకు మాటలే రాలేదని ఒకమ్మాయి పట్టుకుంటే, అడగలేదు, సైగ చేశానని సర్దుకున్నాను. బాపట్ల బస్సులో ఒక పెద్దాయనకి ఇంకా ఘాటుగా చెప్పాను. ఆయన పాపం లేచి నాకు సీటిచ్చాడు. అసలు జరిగినదాంట్లో పాడె లేదు. ఒక గ్లాసుడు నీళ్ళున్నాయి, మా అమ్మ ఉంది, మామ్మగారు ఉన్నారు.

రేపల్లె చుట్టుపక్కల ఆవిడని అందరూ మామ్మగారనే అనేవాళ్ళు. వేమూరు దగ్గర కాలవ కింద పొలాలున్న రైతు కుటుంబంలో పుట్టారు. తాతల నాటి నుంచీ కథోలికులు. నారుకట్టలు మోసి, గేదెల్ని కడిగి, కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టి, ఆ పనుల మధ్యే జపమాల తిప్పటం నేర్చుకున్నారు. రేపల్లె కాపురానికి వచ్చాక ఇల్లు నిండా పిల్లల్ని కన్నారు. నేను ఎరిగేనాటికి భర్త లేరు. కొడుకులు సేద్యం చేసేవాళ్ళు, ఒక కూతురు మఠంలో చేరి సిస్టరైంది, మనవలు ఎందరో వాళ్ళకే తెలియదు. ఆవిడ ఊ అనకుండా ఆ ఇంట్లో వడ్లు బస్తాలకెక్కేవి కావు, పెళ్ళి మాటలు ముందుకి జరిగేవి కావు. అంత సంసారానికీ పొద్దున్నే పనులు పురమాయించి, గుడ్డసంచీ చంకన పెట్టుకుని వీధిన పడేవారు. అందులో దూది, అయోడిన్ సీసా, చింపిన పాతచీరల పీలికలు, బార్లీ పొట్లాలు. చర్చివాళ్ళ ఆస్పత్రిలో జీతం లేని చాకిరీ. చర్చి ఆవరణలో పాలపిండి పంచే రోజున వరస తప్పినవాళ్ళ చెవి మెలిపెట్టేవారు, మళ్ళీ వాళ్ళకే ఒక గరిటె ఎక్కువ వేసేవారు.

మాది రేపల్లెకి దిగువన, సముద్రం వైపు పల్లె. నాన్న వేటకి వెళ్ళేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె వీధుల్లో చేపలమ్మేది. శుక్రవారాలు మామ్మగారింట్లో మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజు అమ్మ గంప అక్కడే సగం ఖాళీ అయ్యేది. అలా మొదలైంది వాళ్ళిద్దరి స్నేహం. తర్వాత ఆవిడ సంచీ మా పల్లెకి రావటం మొదలైంది. గడ్డలు కోయటానికీ, పురుళ్ళకీ, జ్వరాలకీ ఆవిడే. మందు ఎలాగూ ఇస్తారు, దానికన్నా ఆవిడ నోటి మాటకి ఎక్కువ గిరాకీ. "ఏం కాదమ్మా" అని ఆవిడ అంటే రోగి లేచి కూచునేవాడని చెప్పుకునేవాళ్ళు. ఇది నేను కల్పించింది కాదు.

అరవైల్లో, నాకు ఏడాది నిండకముందు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. నాన్న సముద్రం మీద ఉన్నాడు. కబురందుకుని మామ్మగారు ఎర్రటి ఎండలో నడిచి వచ్చారట. అప్పటికే నా కళ్ళు లోపలికి పోయి, ఏడుపు కూడా ఆగిపోయింది. ఆవిడ నా చర్మం పట్టి చూశారు. మా అమ్మ ఆవిడ ముఖంలోకే చూస్తోంది. "ఏం కాదమ్మా, పిల్ల దక్కుద్ది. పోయి వేణ్ణీళ్ళు పెట్టుకురా" అన్నారు. అమ్మ వెళ్ళి పొయ్యి రాజేసింది.

వాళ్ళ మతంలో ఒక ఏర్పాటుంది. జ్ఞానస్నానం ఇవ్వాల్సింది ఫాదరే. కానీ బిడ్డ ప్రాణం మీదికొచ్చి, ఫాదర్ కోసం పరిగెత్తే వ్యవధి లేనప్పుడు, ఎవరైనా సరే నెత్తిన నీళ్ళు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మల పేరు చెబితే చెల్లుతుంది. ఆ నీళ్ళు పడకుండా పోయిన పసిబిడ్డలకి మోక్షం తలుపు తెరుచుకోదని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాళ్ళు. మామ్మగారు మా కుండలో నీళ్ళే గ్లాసుతో ముంచి నా నెత్తిన పోశారు. ఒక పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆవిడ తల్లిది. తర్వాత మిగిలిన నీళ్ళలోనే ఉప్పూ పంచదారా కలిపి, పొద్దు వాలేదాకా చెంచాతో నా నోట్లో పోస్తూ కూచున్నారు.

పోయే బిడ్డకి పోశాననుకున్నారు. నేను పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నీళ్ళు పడ్డాక బతికిన బిడ్డ వాళ్ళ లెక్కలో చర్చి బిడ్డ. ఆ బిడ్డని భక్తిలో పెంచే పూచీ నీళ్ళు పోసిన చేతిదే. మా అమ్మతో చెబితే పల్లెలో ఏ గుమ్మమూ ఇక ఆవిడని రానివ్వదు; మందు పేరుతో వచ్చి మతం కలుపుతోందంటారు. ఆవిడ రాకపోతే పోయే పసిబిడ్డలెందరో ఆవిడకే బాగా తెలుసు. చెప్పకపోతే దేవుడి ముందు దొంగ, మా అమ్మ ముందూ దొంగే.

చేసిన తప్పు ఫాదర్ చెవిన వేసి క్షమాపణ అడిగే పాపసంకీర్తనానికి వెళ్దామంటే, రేపల్లె ఫాదర్ రోజూ వాళ్ళింట్లో మజ్జిగ తాగే మనిషి. ఆయనకి చెప్పలేక రైలెక్కి తెనాలి వెళ్ళారు. అక్కడి ఫాదర్, మంచిపనే చేశావు, పిల్లని మెల్లిగా చర్చికి అలవాటు చెయ్యమన్నారు. ఆ జవాబు గొంతు దిగక బాపట్ల వెళ్ళారు. అక్కడి ముసలి ఫాదర్, ముందు ఆ తల్లికి చెప్పు, తర్వాత నా దగ్గరికి రా అన్నారు. ఆయనకి చెవుడనీ, మామ్మగారు అరిచి చెప్పుకోవాల్సి వచ్చి వెనకున్న వరసంతా విన్నదనీ నేను చాలాచోట్ల చెప్పాను. ఆ ముక్క నాదే. ఆవిడ మాత్రం బాపట్ల మాట పట్టుకుని తిరిగొచ్చి, చెప్పే ధైర్యం చాలక ఏళ్ళు గడిపారు.

ఆ ఏళ్ళన్నీ నాకు పండగే. క్రిస్మస్‌కి కొత్త గౌను, తపస్సుకాలం ఉపవాసాలు అయ్యాక ఈస్టర్‌కి కోడిగుడ్లు. నా చెయ్యి పట్టుకుని నుదుటికీ గుండెకీ భుజాలకీ తాకించి సిలువ గుర్తు నేర్పబోతే, బెల్లం జీడి ఇస్తేనే వేస్తాననేదాన్ని. ఇచ్చేవారు. రెండోసారికి రెండడిగేదాన్ని. "దొంగముఖమా, నీకు బాకీ ఉన్నట్టే అడుగుతావేమే" అని ఆవిడ నవ్వబోయి ఆగిపోయేవారు. ఎందుకు ఆగిపోయేవారో తెలిశాక ఆ జీడీల తీపి ఇప్పటికీ నా నాలుక మీద చేదుగా తగులుతుంది.

నేను బతికితే పదేళ్ళు నిండాక గంగమ్మకి మేకపోతుని ఇచ్చి, పొంగలి పెట్టి, చీర సమర్పిస్తానని అమ్మ మొక్కుకుందట. ఆ ఏడు వచ్చింది. మామ్మగారిని పిలవటానికి నన్ను వెంటేసుకుని వెళ్ళింది. ఆవిడ అరుగు మీద కూచుని కట్లకోసం పాతచీర చింపుతున్నారు.

"వచ్చే ఆదివారమండి. గంగమ్మ తల్లి కాపాడింది, మీ నోటి మాట నిలబడింది. మీరే ముందు నడవాలండి" అంది అమ్మ.

"నేను రాకూడదు అమ్మాయ్."

"ఏంటండీ, మేకపోతనా? మీకు విడిగా పులుసు పెట్టిస్తానండి."

మామ్మగారు చీర పక్కన పెట్టారు. నన్ను లోపలికి పొమ్మనలేదు. గ్లాసూ, నీళ్ళూ, పేరూ, తెనాలి, బాపట్ల, అన్నీ వరసగా చెప్పేశారు. మా అమ్మ గంప దించకుండానే నిలబడి విన్నది. అప్పటిదాకా ఆవిడతో అండీ లేకుండా ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు.

"ఎప్పుడు పోశావు?" అంది.

"నిన్ను వేణ్ణీళ్ళకి పంపినప్పుడు."

"పంపేముందు నాతో ఏమన్నావు?"

మామ్మగారు పక్కన పెట్టిన చీర మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"పిల్ల దక్కుద్దన్నావు. ఆ మాట పట్టుకుని నేను పొయ్యి ఊదుకుంటా కూచున్నా. ఇక్కడ నువ్వు నా బిడ్డని సాగనంపుతున్నావు."

"తప్పు చేశానమ్మా. నీకు చెప్పకుండా మా దేవుడికి..."

"నీ దేవుడి సంగతి కాదు నేనంటంది. గంగమ్మ చూసిందో మీ మరియమ్మ చూసిందో, ఎవరో ఒకరు చూశారు. పోద్దని నీకు తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలా? ఆ కాసేపూ నా ఒళ్ళో పెట్టుకునేదాన్నిగా."

మామ్మగారు అన్ని ఏళ్ళూ మోసిన బరువు ఒకటి, అమ్మ ఎత్తి చూపించింది ఇంకొకటి. ఆ రెండోదాని సంగతి ఆవిడకి ఏ ఫాదరూ చెప్పలేదు. అమ్మ వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"ఇక మా పల్లెలో ఎవరి గుమ్మంలోనూ ఊరికే ఏం కాదమ్మా అనమాక. పోయేటట్టుంటే పోయేటట్టుందని చెప్పు. తెలీకపోతే తెలీదను."

సరేనన్నారు ఆవిడ. నీళ్ళ సంగతి అమ్మ పల్లెలో ఎవరికీ చెప్పలేదు. నా సంగతి ఏం చేద్దామని మామ్మగారు తర్వాత ఒకసారి అడిగితే, పెద్దయ్యాక అదే చూసుకుంటుందంది. నేనింకా చూసుకుంటూనే ఉన్నాను. మొక్కు ఆవిడ లేకుండానే తీర్చాం. కొన్నాళ్ళు అమ్మ ఆ వీధి మొహం చూడలేదు. తర్వాత ఒక శుక్రవారం గంపతో వెళ్ళి ఆ అరుగు ముందే దించింది. అంత చేప కొనే ఇల్లు ఇంకోటి లేదని నాతో అంది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను.

మామ్మగారు మాట నిలబెట్టుకున్నారు. మా పల్లెలో మంచం పక్కన కూచుని, నాకు తెలీదమ్మా అనటం మొదలుపెట్టారు. మొదట్లో జనం బెదిరిపోయారు. ఆవిడ వస్తోందంటే రోగుల్ని పెరట్లో దాచినవాళ్ళున్నారు. ఒక తాతని చూసి, నీకేం రోగం లేదు, తిండి ఎక్కువైంది అంటే, ఆయన ఆ సంబరంలో అరకుండెడు చేపలపులుసు తిని నిజంగానే మంచం పట్టాడు. మెల్లిగా పల్లెకి అర్థమైంది, ఈవిడ బతుకుతాడంటే బతుకుతాడని. ఆవిడ మాటకి మునుపటికన్నా విలువ పెరిగింది. ఆ విలువే మా మెడకి చుట్టుకుంది.

డెబ్బైల చివర్లో ఉప్పెన వచ్చింది. గాలి లేచిన రోజు అమ్మా నేనూ చేపలమ్ముతూ రేపల్లెలో ఉన్నాం. మామ్మగారు మమ్మల్ని తన మిద్దె ఇంట్లోకి లాగి తలుపు వేశారు. నాన్న పడవ అప్పటికే సముద్రం మీద ఉంది. గాలి తగ్గాక చర్చి బడిలో దిగువ ఊళ్ళవాళ్ళంతా చేరారు. మామ్మగారు కొడుకుల ఇళ్ళల్లోంచి గుండిగలు తెప్పించి గంజి కాయించారు, మనవల చేత కట్టెలు మోయించారు. నాన్న వస్తాడని నేను అమ్మతో ఎన్నోసార్లు చెప్పాను. తాడిమొద్దు పట్టుకుని తేలుతున్నాడని, ఎవరో చూశారని కూడా చెప్పాను. నా మాట అమ్మ ఎప్పుడు నమ్మింది గనక. లేచి మామ్మగారి దగ్గరికి వెళ్ళింది. గంజి గరిటె పట్టుకున్న ఆవిడ చేతిని పట్టుకుంది.

"వస్తాడా అండీ?"

ఆవిడ గరిటెని గుండిగలో వదిలేశారు.

"వస్తాడని ఒక్క మాట అనండి మామ్మగారూ. మీరు అంటే చాలండి."

ఆ ముఖం నాకింకా కళ్ళ ముందే ఉంది. పెదవులు కదిలాయి, అనేస్తారనే అనుకున్నాను. అనాలని నేను కూడా లోపల బతిమాలుకున్నాను.

"నాకు తెలీదు అమ్మాయ్. పద, వెతుకుదాం" అన్నారు.

డెబ్బై దాటిన మనిషి, కరకట్ట బురదలో మా ముందు నడిచారు. ఎక్కడైనా మనుషుల్ని వరసగా పడుకోబెట్టి ఉంటే, చెంగు ముక్కుకి కట్టుకుని తనే ముందు వెళ్ళేవారు. ముఖం చూసి, కాదని చెయ్యి ఊపితేనే అమ్మ అడుగు వేసేది. ఒకచోట ఆ చెయ్యి లేవలేదు. ఆవిడ తిరిగొచ్చి అమ్మ భుజాలు రెండూ పట్టుకుని, "అతనే అమ్మాయ్" అన్నారు. నేను చెప్పే కథల్లో చచ్చినవాళ్ళు చాలామంది లేచి వచ్చారు. మా నాన్న రాలేదు.

ఆ తర్వాత ఆవిడ తొందరగా వంగిపోయారు. పుట్టిన నేలని చూస్తూ పోవాలని ఉందంటే, వేమూరు వైపు సేద్యం చేసుకుంటున్న చిన్నకొడుకు తీసుకెళ్ళాడు. అమ్మా నేనూ చేపలు పట్టుకుని రైల్లో వెళ్ళాం. వాకిట్లో మునిమనవలు గోల చేస్తున్నారు. ఆవిడ మంచం మీద నుంచే వాళ్ళలో ఒకణ్ణి తిట్టి, ఇంకొకణ్ణి పొలానికి తరిమి, అమ్మని దగ్గర కూచోమన్నారు.

"ఆ రోజు వస్తాడని ఒక్క మాట అని ఉంటే నీకు ఆ ఒక్క పూటైనా ఊపిరి ఆడేది. అనలేకపోయాను. అప్పుడు అబద్ధం చెప్పి తప్పు చేశాను, ఇప్పుడు చెప్పక చేశాను. తెనాలి ఫాదర్‌కి చెప్పాలో బాపట్ల ఫాదర్‌కి చెప్పాలో తెలీకుండా ఉంది అమ్మాయ్."

ఆవిడ నోరు కట్టేసింది తనేనని అమ్మకి తెలుసు. ఆ మాట చివరిదాకా నాతో కూడా అనలేదు, కానీ వచ్చేటప్పుడు రైలెక్కిన దగ్గర్నుంచీ చీరకొంగు నలుపుతూనే ఉంది. లేచి కత్తిపీట తెచ్చుకుని, మంచం పక్కనే నేల మీద పెట్టుకుని చేప పొలుసు తీయటం మొదలుపెట్టింది.

"నాకు చెప్పారుగా" అంది. "ఇంకెవరికీ చెప్పబళ్ళేదు. పడుకోండి."

మామ్మగారు కళ్ళు మూసుకున్నారు. పులుసు ఉడికాక లేపి, ముళ్ళు ఏరి, అమ్మే కలిపి పెట్టింది.