మల్లికార్జున్ ఎండబెట్టిన నీళ్ళు

లోకంలో జనం వడియాలు ఎండబెడతారు, మిరపకాయలు ఎండబెడతారు. మల్లికార్జున్ నీళ్ళు ఎండబెడతాడు.

కాడుగోడి స్టేషను పక్క సందులో, పుల్లమ్మ మిద్దె మీది ఒంటిగదికి అద్దెకొచ్చిన మహానుభావుడు. మహదేవపురలో ఇంజనీరు. దిగిన వారానికే ఒక రేకు డ్రమ్ముకు నల్లరంగు పూసి, నీళ్ళు నింపి, చుట్టూ పాత బీరువా అద్దాలు నిలబెట్టాడు. సెలవు దినమంతా ఎండ ఎటు తిరిగితే అటు అద్దాలు తిప్పుతాడు. సాయంత్రమైతే వేడి పోకుండా డ్రమ్ముకు కంబళి కప్పుతాడు. పెండ్లయి ఉంటే ఆ సేవ పెండ్లానికన్నా దక్కేది.

కింద పుల్లమ్మ ఇడ్లీ కొట్టు. ఆమె చదువు రెండో తరగతిలోనే ఆగింది. నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు.

"ఏమప్పా, గ్యాసు పొయ్యి ఉండాది గదా. సూర్యుడికి ఈ ఊడిగం ఎందుకు?"

"మా ఆఫీసులో ఇదే పని అవ్వా. బొగ్గుతో కరెంటు చేసేచోట, బాయిలరుకు పోయే నీళ్ళను ముందే ఎండతో కాచి పంపాల."

"ఏం, బొగ్గుకు మండేది మరిచిపోయిందా?"

"గాలిమరలతో వచ్చింది తంటా. గాలి వీస్తే కరెంటు అక్కడినుంచే వస్తుంది, బొగ్గు మంట తగ్గించాల. గాలి ఆగితే గబుక్కున పెంచాల. బొగ్గుకు అంత చురుకు లేదు. నీళ్ళు ముందే వేడిగా ఉంటే ఆ తడబాటు తగ్గుతుంది."

"అంటే గాలి మా పనిమనిషి రేణుక మాదిరి. బుద్ధి పుడితే వస్తాది. రాని దినం నేను పరిగెత్తాల. ఈ ముక్క కోసమా నిన్ను అంత చదివించినారు?"

ఆ పరుగే ఆమెకు కష్టమైపోయింది. వేళ్ళ కీళ్ళు వాచినాయి. తెల్లారి బోరు చన్నీళ్ళలో ఇడ్లీ ప్లేట్లు కడిగితే వేళ్ళు కొయ్యలై బిగుసుకుంటాయి. "కొట్టు మూసెయ్ అత్తా" అని కోడలు స్వప్న దినమూ సన్నాయి ఊదుతుంది. మూస్తే ఏముంది, టీవీ ముందర కూర్చున్న ఒక ముసలిది మిగులుతుంది.

మల్లికార్జున్ గీజరు పెట్టిస్తానన్నాడు. "ఒకరి సొమ్ముతో చేతులు కడుక్కునేంత గతి పట్టలేదప్పా" అని తరిమేసింది.

నాలుగు దినాలకు మళ్ళీ వచ్చాడు. "అవ్వా, నా నీళ్ళకు టెస్టింగు చెయ్యాల. జిడ్డు గిన్నెలు ఎక్కడా దొరకలేదు."

"సరేలే. నీ ఉద్యోగం నిలబడాల గదా" అని పుల్లమ్మ మహారాణి మాదిరి ఒప్పుకుంది. డ్రమ్ము నుంచి పైపు కిందికి దిగింది. వేళ్ళు మళ్ళీ కదిలినాయి. కోడలి సన్నాయి ఆగింది.

ఇంతలో ముసురు పట్టింది. సూర్యుడు పత్తా లేడు. నీళ్ళు మాత్రం పొగలు కక్కుతున్నాయి.

"ఇదెట్లప్పా?"

"నిన్నటి వేడి నిలవుంది అవ్వా."

"నిన్నా మబ్బే గదా?"

"అంటే... మొన్నటిది."

ఇంకేం, ఆవకాయ మాదిరి ఎండను కూడా జాడీలో పెట్టినాడు!

మరుసటి తెల్లారి తడుస్తున్న ఇడ్లీ గుడ్డలు తీద్దామని పుల్లమ్మ మిద్దె ఎక్కింది. గది తలుపు తెరిచి ఉంది. లోపల గ్యాసు పొయ్యి మీద పెద్ద గుండిగ నిండా నీళ్ళు కాగుతున్నాయి. మన ఇంజనీరు వట్టిచేతులతో దాన్ని దించి, వేళ్ళు ఊదుకుంటూ, వానలో గంతులేస్తూ పోయి డ్రమ్ములో గుమ్మరిస్తున్నాడు.

పుల్లమ్మ గుడ్డలు అక్కడే వదిలేసి చప్పుడు లేకుండా దిగిపోయింది.

కాసేపటికి మల్లికార్జున్ ఇడ్లీలకు వచ్చాడు. ప్లేటును ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"నీళ్ళు ఎట్లున్నాయి అవ్వా?"

"సలసల కాగుతుండాయి. ఈ వానలో కూడా మీ సూర్యుడు భలే కష్టజీవి."

ఇంకొక ఇడ్లీ వేసి, పక్కనే ఒక దళసరి మసిగుడ్డ పెట్టింది.

"ఇది మీ సూర్యుడికి ఇయ్యప్పా. గుండిగ దించేటప్పుడు చేతులు కాల్చుకుంటా ఉండాడు."