ట్రైలర్ మీద మా అత్త షికారు

పందొమ్మిది వందల యాభైల్లో మా బావా నేనూ రాయపురంలో కార్ల రిపేరు షెడ్డు నడిపేవాళ్ళం. చెడిపోయిన కార్లను ట్రైలర్ మీదికి తోసీ తోసీ మా నడుములు పడిపోయాయి. పాత మిలిటరీ సామాన్ల కొట్లో, తాడు చుట్టుకుంటూ బరువులు లాగే విన్చ్‌లు రెండు కనిపించాయి. చేత్తో తిప్పేది చాలన్నాను.

"తిప్పేదానికి నీకు రెక్కలేడుండాయి బామ్మర్దీ?" అని బావ బ్యాటరీతో తిరిగేది కొన్నాడు.

దాన్ని ట్రైలర్ ముందు భాగంలో బోల్టులతో బిగించి, చూడ్డానికి బావ వాళ్ళమ్మను, అంటే మా అత్తను, పిలిచాం. ఆమె విన్చ్‌కు బొట్టు పెట్టి, ట్రైలర్‌లోనే ఓ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వెనక ఒక పాత కారు నిలిపి, ఇనుప తాడు తగిలించి, బావ కింద నిలబడి స్విచ్చి నొక్కాడు.

కారు కదల్లేదు. దానికి బ్రేకు వేసి ఉంది. ట్రైలర్ చక్రాల కింద రాళ్ళు పెట్టడం నేను మరిచిపోయాను. అత్తతో సహా ట్రైలరే మెల్లగా కారు వైపు బయల్దేరింది.

"ఒరే, కారు ఆడనే ఉండాదిరా! నేనే పోతా ఉండా!"

"దిగుమ్మా!" అంటూ బావ పక్కనే పరుగెత్తాడు.

"దిగేదేంది, సుఖంగా ఉండాది, పోనీ!"

ట్రైలర్ కారుకు మెత్తగా తగిలాక గానీ బావకు స్విచ్చి గుర్తు రాలేదు. అత్తను దింపి, కారు బ్రేకు తీసి, ట్రైలర్‌కు రాళ్ళు పెట్టి మళ్ళీ నొక్కితే కారు బుద్ధిగా పైకెక్కింది.

"ముందరిదే బాగుండె" అని అత్త పెదవి విరిచింది.