అన్నయ్య చూసిన పాట

రేడియోని చూడవచ్చని నాకు యాభై దాటేదాకా తెలియదు. వినేదాన్ని చూడటమేమిటని మా వదిన అప్పుడూ నవ్వింది, ఇప్పుడూ నవ్వుతుంది. కానీ మా అన్నయ్య మళ్ళీ మనుషుల్లో పడింది ఆ చూపువల్లే కాబట్టి, ఆ సంగతి మొదటినుంచీ చెబుతాను.

మాది కొవ్వూరు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అన్నయ్యా వదినా ఉండేది పక్క వాటాలో. మధ్య గోడకి అమ్మ బతికున్న రోజుల్లోనే గుమ్మం పెట్టించుకున్నాం కాబట్టి ఏ ఇల్లు ఎవరిదో చుట్టాలకి తెలియదు. అన్నయ్య మొన్నమొన్నటిదాకా మండలాఫీసులో పనిచేశాడు గానీ, ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఆ ఉద్యోగంతో గుర్తుపెట్టుకోలేదు. మా వీధి చివర చర్చిలో క్వయర్ మాస్టారు అంటేనే తెలుస్తుంది. పాట మొదలయ్యే ముందు హార్మోనియం చెక్క మీద పెన్సిల్‌తో నాలుగు దెబ్బలు కొట్టేవాడు. నాలుగో దెబ్బకి చర్చంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకునేది. చిన్నప్పటినుంచీ నాకు ఆదివారమంటే ఆ నాలుగు దెబ్బలే.

ఆమధ్య ఒక జ్వరం వచ్చి అన్నయ్య చెవుల నరాలు దెబ్బతిన్నాయి. కాకినాడ తీసుకెళ్ళాం, చూపించాం, చెవి మిషను కూడా కొన్నాం. అది పెట్టుకుంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుందని తీసి సొరుగులో పడేశాడు. అయినా పంతం కొద్దీ చర్చికి వెళ్ళి పాట ఎత్తుకున్నాడు. శ్రుతి ఎటో పోయింది. హార్మోనియం ఒక దారి, ఆయనొక దారి. ఆయనకి అది వినబడలేదు. ముందు వరసలో పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మాత్రం కనబడింది. కీర్తనల పుస్తకం మూసి ఇంటికొచ్చేశాడు. ఆ తరవాత ఏ ఆదివారమూ గుమ్మం దిగలేదు.

అన్నయ్య లేనంత మాత్రాన చర్చి ఆగలేదు. చర్చి లేక అన్నయ్యే ఆగిపోయాడు. ఒకప్పుడు స్నానాల గదిలో కూడా తాళం వేసిన మనిషి, వరండాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన మళ్ళీ ఆ హార్మోనియం పక్కన నిలబడాలి. అది ఎలాగో మాత్రం తెలిసేది కాదు.

ఇదిలా ఉండగా నేను స్కూలు పిల్లల కోసం ఒక పరికరం కొన్నాను. ఏటా తరంగాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద పాము మెలికలు గీసి చేతులు దులుపుకోవడం నాకే విసుగేసింది. దీన్ని సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అంటారు. చూడటానికి పెన్ డ్రైవ్‌లా ఉంటుంది. ఒక కొస కంప్యూటర్‌లో గుచ్చాలి, రెండో కొసకి యాంటెన్నా తీగ తగిలించాలి. పాత రేడియోలో స్టేషన్‌ని ఏరిపెట్టడానికి లోపల తీగచుట్టలూ కండెన్సర్లూ ఉండేవి. ఇందులో ఆ ఏరే బాధ్యత చాలావరకు ప్రోగ్రాముదే. గాలిలో వచ్చే తరంగాల్లో మనం అడిగిన మేరకు కొంత ముక్కని పట్టుకుని, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి అందివ్వడమే దీని పని. కాలవ లాకు దగ్గర తలుపెత్తి నీళ్ళు వదలడం వరకే ఇది చేస్తుంది. ఆ నీళ్ళు ఏ చేను బోదెకి మళ్ళించాలో కంప్యూటర్ చూసుకుంటుంది.

తెర మీద ఒక నీలం పరదా పైనుంచి కిందికి మెల్లగా జారుతూ ఉంటుంది. వాటర్‌ఫాల్ అంటారు దాన్ని. ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేస్తుంటే అక్కడ పసుపుపచ్చగా ఒక చార పడుతుంది. పడాలి. మొదటి సాయంత్రం నాకు పడలేదు. నాకు ఓపిక తక్కువ. సూచనలు చదివి పని మొదలుపెట్టడం నా ఒంటికి సరిపడదు. పరికరాన్నీ, అమ్మినవాణ్ణీ, కనిపెట్టినవాణ్ణీ వరసగా తిట్టి, చివరికి తెలుసుకున్నదేమిటంటే, కంప్యూటర్ దాన్ని టీవీ చూసే సాధనం అనుకుని తనకి తోచిన డ్రైవర్ ప్రోగ్రాము తగిలించుకుందట. అది తీసి వేరేది పెడితే చారలు కనబడ్డాయి గానీ నీరసంగా ఉన్నాయి. గెయిన్ అని, సిగ్నల్ బలం పెంచే మీట ఒకటి ఉంటే దాన్ని ఈ చివరనుంచి ఆ చివరకి జరిపేశాను. తెరంతా పసుపు.

"వదినా, మూడు కొత్త స్టేషన్లు పట్టాను!" అని కేకేశాను.

వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మూడూ విన్నది. "మూడిట్లోనూ ఒకే పాటేస్తున్నారేంటమ్మా? ముందే మాట్లాడుకున్నారా?" అంది.

అప్పుడు చదివాను సూచనలు. గెయిన్ మరీ పెంచితే లేని స్టేషన్లు దయ్యాల్లా పుట్టుకొస్తాయట. కూరలో ఉప్పు లాంటిది. తక్కువైతే చప్పన, ఎక్కువైతే ఉన్న రుచీ పోతుంది. తగ్గిస్తూ వస్తే రెండు దయ్యాలు మాయమై అసలుది ఒక్కటి మిగిలింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనిచ్చే సలహా ఇదే: ఆ మీట మీద చెయ్యి నెమ్మదిగా వెయ్యండి.

అన్నయ్య వచ్చింది అప్పుడే. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. చెవులు పోయాక ఆయన గొంతు పెరిగింది. మా ఇంట్లో టీ అడిగితే ఎదురింటివాళ్ళు స్టవ్ వెలిగిస్తారు. ఫోన్లో పెద్ద అక్షరాలతో 'రేడియో' అని కొట్టి చూపించాను.

"నాకెందుకు మరి?" అని వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు వెళ్ళలేదు. తెర వంక చూస్తూ నిలబడ్డాడు. తరవాత కుర్చీ లాక్కున్నాడు.

"ఇప్పుడు పాటొస్తోంది," అన్నాడు కాసేపటికి.

నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పాటే.

"ఇప్పుడెవరో మాట్లాడుతున్నారు."

అదీ నిజమే. మాటకీ మాటకీ మధ్య చార సన్నబడుతుంది, పాటలో నిండుగా సాగుతుంది. ఆయన ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేశాడు. "ఇది అడ్వర్టైజ్‌మెంటు. చూడు, ఊపిరి తీసుకోకుండా వాగుతున్నాడు," అన్నాడు. అక్షరాలా అదే. మళ్ళీ పాట రాగానే ఆయన వేలు కుర్చీ చెయ్యి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. నా చెవిలో డోలు దెబ్బ, కుర్చీ మీద ఆయన వేలు, రెండూ ఒక్కసారే పడుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటుంటే జలుబు చేసిందనుకుని, "ఆవిరి పట్టుకో!" అని వీధంతటికీ వినబడేలా సలహా ఇచ్చాడు.

ఆనాటినుంచి ఆ పరికరం స్కూలుకి వెళ్ళిందంటే సాయంత్రం ఇంటికి తిరిగి రావలసిందే. తెర మీద రేడియో ఒక్కటే కాదు, ఇంటి చప్పుళ్ళు కూడా కొన్ని పడతాయి. మిక్సీ వేస్తే మోటారు నిప్పురవ్వలకి పరదా అంతా గీరుకుపోతుంది. "మీ వదిన పచ్చడి పట్టేస్తోంది, వేడన్నం తింటావా?" అనేవాడు. రైలు వంతెన మీదికి వెళ్ళేటప్పుడు పైన కరెంటు తీగ దగ్గర మెరుపులొస్తాయి కదా, వాటికి తెరకి అడ్డంగా సన్నని గీతలు పడేవి. "రాజమండ్రి బండి వెళ్తోంది," అనేవాడు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఏ చప్పుడూ ఎరగని మనిషి, మాకు వార్తలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక శనివారం సాయంత్రం ఎఫ్.ఎం. స్టేషన్లు దాటి ఇంకా పైకి వెతుకుతుంటే, దారప్పోగులాంటి సన్నని చారలు రెండు పక్కపక్కనే కనబడ్డాయి. కదలవు, మెదలవు. ఏమిటా అని వింటే, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని మా చర్చి పాస్టరు అయ్యగారి గొంతు! చర్చికి కొత్తగా తీగ లేని మైకులు రెండు కొన్నారు. ఒకటి ఆయన అంగీకి పెట్టుకునేది, రెండోది హార్మోనియం దగ్గర స్టాండుకి. మైకు కట్టేసి ఉంటే చార ఉండదు. వేసి ఉండి ఎవరూ నోరు మెదపకపోతే తిన్నగా సన్నగా నిలబడుతుంది. గొంతు విప్పగానే రెండు వైపులా విచ్చుకుంటుంది. ఈ మూడు ముక్కలూ అన్నయ్యకి ఐదు నిమిషాల్లో ఒంటబట్టాయి.

చాటుగా వినడం మర్యాద కాదని నేనే వెళ్ళి అయ్యగారికి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"అంటే... ఆ మైకు తియ్యకుండానే ఇంటికెళ్ళి మా ఆవిడతో బీరకాయ కూర గురించి వాదించానండి. అది కూడానా?"

"నేను మొత్తం వినలేదండి," అన్నాను. మొత్తం వినలేదన్నది నిజం. ఆయన పకపకా నవ్వి, "మాస్టారు గారు చూస్తానంటే అంతకంటే ఏం కావాలండి? రోజూ చూడమనండి," అన్నారు.

అలా ఆదివారాలు మేమిద్దరం వరండాలో లాప్‌టాప్ ముందు ఆరాధనకి కూర్చునేవాళ్ళం. "ఇద్దరూ గుడి మానేసి ఆ పెట్టె ముందు కూర్చుంటే దేవుడు ఊరుకుంటాడా?" అని వదిన గొణుక్కుంటూ ఒక్కతే వెళ్ళేది. ఆ రోజు పాడబోయే కీర్తనలేవో క్వయర్ నడిపే అమ్మాయి ముందే ఫోన్లో పంపేది. మందుల షాపులో పనిచేస్తుంది; అన్నయ్య దగ్గరే పాట నేర్చుకుంది. మొదటి ఆదివారం మొదటి కీర్తనకే అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పరిగెడుతున్నారు! చరణానికీ పల్లవికీ మధ్య చార సన్నబడాలి కదా? ఏదీ? ఎక్కడన్నా ఊపిరి తీసుకుంటున్నారా వీళ్ళు? రైలెక్కాలా?"

పాట గురించి ఆయనకి కోపం వచ్చి ఎన్నాళ్ళయిందో. ఆ తిట్లు నాకు చెవిలో తేనె పోసినట్టున్నాయి. ఆయన చెప్పింది చెప్పినట్టు ఆ అమ్మాయికి పంపించాను. చర్చి వదలగానే పరుగున వచ్చింది.

"మాస్టారండీ, నిజమేనండి, తొందరపడిపోతున్నాం. మీ నాలుగు దెబ్బలు లేకపోతే ఎవరికి వాళ్ళం మొదలెట్టేస్తున్నాం. మీరు రండి. పాట ఎత్తుకోవద్దు, శ్రుతి నేను చూసుకుంటాను. మీరు కాలం పట్టండి చాలు. మీ పెన్సిలు హార్మోనియం మీదే ఉందండి, ఎవరం తియ్యలేదు." ఇదంతా నేను ఫోన్లో కొట్టి చూపించాను.

అన్నయ్య చదివి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదించడానికా? నేను రానమ్మా. పిల్లలు నవ్వింది చాలు," అన్నాడు. మామూలుగా అరిచే మనిషి ఆ మాట మాత్రం మెల్లగా అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలీ వేసింది.

మరుసటి ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. అయ్యగారి చార కదిలి, కీర్తన ప్రకటించి, సన్నబడింది. అన్నయ్య తాళానికి వేలెత్తి పెట్టుకున్నాడు. హార్మోనియం దగ్గరి చార తిన్నగా దిగుతోంది. విచ్చుకోలేదు.

"ఏమైంది? ఎవరూ పాడట్లేదేంటి?"

నేను ఇయర్‌ఫోన్లు సర్దుకున్నాను. ఫ్యాన్ల హోరు, దూరంగా ఎవరి పిల్లో నిద్రమత్తు ఏడుపు, అంతే.

"మైకు వేసే ఉంది," అన్నాడు తెర మీదికి వంగి. చారలో చిన్న పొంగు వచ్చి పోయింది. "ఎవరో దగ్గారు. అందరూ అక్కడే ఉన్నారు. మరి పాడరే?"

అప్పుడు నా చెవిలో ఆ అమ్మాయి గొంతు మెల్లగా వినబడింది. "ఆగుదామండి. మాస్టారు చూస్తున్నారు."

ఆ మాట కొట్టి చూపిద్దామని ఫోను తీశాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. కళ్ళు ఆ సన్నని చార మీదే ఉన్నాయి.

"చెప్పకు. తెలిసింది," అన్నాడు.

కుర్చీలోంచి లేచాడు. తరవాత, "నా చొక్కా ఏదీ?" అని ఇల్లదిరేలా అరిచాడు. చొక్కా కుర్చీ వెనకే ఉంది. తొందరలో గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని, అలాగే చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. వెంట వెళ్దామని లేచాను గానీ వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చుని, ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. ఆయన చూసినట్టే చూడాలనిపించింది.

చార సన్నగా, తిన్నగా దిగుతూనే ఉంది. ఎంతమంది మనుషులు ఎంతసేపు ఆగగలరో నాకు ఆ రోజు తెలిసింది. ఉన్నట్టుండి చారలో చిన్న చుక్క పొంగింది. కొంచెం ఆగి ఇంకొకటి. మూడోది. నాలుగోది.

నాలుగో చుక్క తరవాత చార నిండుగా విచ్చుకుంది. వీధి చివరనుంచి పాట నా చెవులకీ వస్తోంది. చరణానికీ పల్లవికీ మధ్య చార సన్నబడి, అందరూ ఊపిరి తీసుకున్నారు.