బెలిసారియో మావయ్య విమాన లెక్కలు

అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న మా ఉషువాయాలో బెలిసారియో మావయ్యని ఏ ఊరికి విమానం ఎంతసేపని అడిగినా ఠక్కున చెప్పేవాడు. ఒక్కసారైనా సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. పోనీ ఆ తప్పయినా ఒకటే చెబుతాడా అంటే అదీ లేదు. బ్యూనస్ ఎయిర్స్ పొద్దున ఒకరికి రెండు గంటలు, సాయంత్రం ఇంకొకరికి ఆరు గంటలు!

నేను బడిలో భూగోళం చెప్పేదాన్ని. మూడున్నర గంటలని బోర్డు మీద రాస్తే, "బెలిసారియో తాత రెండే అన్నాడు టీచర్" అనేవారు పిల్లలు. నాకు ఒళ్ళు మండేది. అంతకు మించి కుతూహలం. రేడియోలు విప్పి బాగుచేసే మనిషికి ఈ ఒక్క లెక్క దగ్గర ఏమవుతోంది?

"మావయ్యా, భూమి పూటకోసారి సాగి ముడుచుకుంటుందా?" అని అడిగితే, మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్ర నా చేతిలో పెట్టేవాడు. దాన్ని అందరం వంతులవారీగా తాగాలి. పట్టుకుని కబుర్లు చెబితే ఊరుకోరు.

"అది మైకు కాదమ్మా, తాగి ఇటివ్వు" అనేవాడు.

ఒకసారి రొట్టెల కొట్టు ఎవరిస్తో భార్య క్లోతిల్దే, చెల్లెలి పెళ్ళికి బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడకి విమానమంటే ప్రాణభయం. మా వంటింట్లో కూర్చుని, "నేను ఎక్కను. అది నేను లేకుండానే చేసుకుంటుందిలే" అని ఒకటే ఏడుపు.

"రెండు గంటలేనమ్మా. నువ్వు ఊలు చిక్కు విప్పేలోపు దించేస్తారు" అన్నాడు మావయ్య.

ఆవిడ కళ్ళు తుడుచుకుని పెట్టె సర్దుకోడానికి వెళ్ళింది. నేను నోరు తెరిచాను. మాతే వచ్చింది.

మర్నాడు ఆవిణ్ణి ఎక్కించి వచ్చాక ఎవరిస్తో పిండి కలపడం మానేసి కొట్లో గడియారం కింద నిలబడ్డాడు. మావయ్యా నేనూ తోడుగా కూర్చున్నాం. భార్య సంతనుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఆస్పత్రికి ఫోన్ చేసే రకం.

"ఎంతసేపట్లో చేరుతుంది మావయ్యా?" అన్నాడు.

"ఆరు గంటలు. ఒక్కోసారి ఆరున్నర."

"అంతుందా! అయితే ఇప్పట్నుంచే కంగారెందుకు" అంటూ పిండి దగ్గరికి వెళ్ళాడు.

"నిన్న రెండన్నావు కదా..." అన్నాను. మళ్ళీ మాతే.

మూడున్నర గంటలు దాటాయి. ఫోన్ రాలేదు. నాలుగు దాటాయి. లెక్క తెలిసిన నేను ఫోన్ చుట్టూ తిరుగుతున్నాను. ఎవరిస్తో మాత్రం ఈల వేస్తూ రొట్టెలు కాలుస్తున్నాడు. మావయ్య వైపు చూశాను. ఓరకంట గడియారం చూస్తూ, మాతేలో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోస్తున్నాడు. ఈయనకి సరైన లెక్క ఎప్పట్నుంచో తెలుసు! ఆ ముసలాడి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఐదో గంట నిండుతుండగా ఫోన్ మోగింది. ఎవరిస్తో పిండి చేతులతోనే అందుకున్నాడు.

"అప్పుడే దిగిపోయావా!"

అటునుంచి క్లోతిల్దే అరుపు కొట్టంతా వినిపించింది. "ఆ ముసలాడున్నాడా అక్కడ? గాలి మూలాన గంటసేపు పైనే గిరగిరా తిప్పారు! ముందే తెలిస్తే చచ్చినా ఎక్కేదాన్ని కాదు. తిరిగి ఎలా వచ్చేది నేను?"

"వచ్చేటప్పుడు గంటన్నరేనమ్మా, గాలి వెనకనుంచి తోస్తుంది!" అని మావయ్య కేకేశాడు.

"నీ మాట నేను నమ్మను. టీచరమ్మని పిలవండి."

ఎవరిస్తో ఫోన్ నా చేతికిచ్చాడు.

"గంటన్నర ఎక్కడ క్లోతిల్దే," అన్నాను, "గంటంపావే!"